కొని పెంచి ఇస్తే గైడ్ డాగ్ అవుతుందా?

ప్రశ్న: మేమిద్దరం ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాం. నల్లగొండలో సొంత ఇల్లు, వెనుక కొంత ఖాళీ స్థలం ఉన్నాయి. ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి, చూపు లేనివారికి గైడ్ డాగ్‌లను ఇచ్చే అక్కడి సంస్థకు వాలంటీరుగా ఒక లాబ్రడార్ పిల్లను తన ఇంట్లో పెంచుతోంది. నిరుడు మేం ఆరు నెలలు అక్కడ ఉన్నప్పుడు దాని ఆలనాపాలనా చాలావరకు నేనే చూశాను. మా వీధిలో చూపు లేని అబ్బాయి ఒకడున్నాడు, తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తండ్రి ఆటో నడుపుతాడు. ఇక్కడే ఒక లాబ్రడార్ పిల్లను కొని, మా అమ్మాయి ఇంట్లో నేర్చుకున్న పద్ధతిలో ఏడాది పెంచి, ఆ అబ్బాయికి ఇవ్వాలని నా కోరిక. "మన ఎండలకు అది తట్టుకుంటుందా, తట్టుకున్నా ఏడాది పెంచాక నువ్వు దాన్ని వదలగలవా" అని మావారు అడుగుతున్నారు. మీ సలహా ఏమిటి?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: మీ కోరిక మంచిదే అయినా, ఆ పిల్లను కొనవద్దని ముందే చెప్పవలసి వస్తోంది. మీరు రాసిన పద్ధతిలో ఏడాది పెంచితే మీ చేతికి వచ్చేది బుద్ధిగా మసలే పెంపుడు కుక్క మాత్రమే. దాన్ని ఆ అబ్బాయి ఇంటికి పంపితే, అతనికి దారి చూపే తోడు దొరకకపోగా, ఆటో సంపాదన మీద నడిచే ఆ ఇంటికి నెలనెలా తిండి, మందుల ఖర్చు కొత్తగా వచ్చి చేరుతుంది. మీ అమ్మాయి చేస్తున్న పని ఇంగ్లండులో ఎందుకు ఫలిస్తున్నదో తెలియాలంటే, ఆమెకు ముందూ వెనుకా ఎవరెవరు ఏమేం చేస్తున్నారో చూడాలి.

మీరు పెంచిన ఆ పిల్ల అంగట్లో కొన్నది కాదు. తుంటి కీళ్లు, మోచేతి కీళ్లు, కళ్లు పరీక్షించి, బెదురు లేని స్వభావాన్ని చూసి, తరాల తరబడి ఎంచుకుంటూ వచ్చిన సంతతిలో పుట్టింది. ఆ తల్లి కుక్కలు కూడా వాలంటీర్ల ఇళ్లలోనే ఉంటాయి. సుమారు ఎనిమిది వారాల వయసులో పిల్ల మీ అమ్మాయి వంటివారి ఇంటికి చేరి, ఏడాదో అంతకు కొద్ది నెలలు ఎక్కువో అక్కడ పెరుగుతుంది. తిండి, వైద్యం ఖర్చులు సంస్థే భరిస్తుంది, పెంపకం ఎలా సాగుతున్నదో సంస్థ మనుషులు కనిపెట్టి చూస్తుంటారు. ఆ తరువాత అది శిక్షకుల చేతికి వెళుతుంది. అప్పుడు పగలు శిక్షణలో ఉండి, సాయంత్రాలూ సెలవు దినాలూ మరొక వాలంటీరు ఇంట్లో గడుపుతుంది. ఏడాదంతా కుక్కపిల్ల వెనుక తిరిగే తీరిక లేని ఉద్యోగులు చాలామంది ఈ రెండో పనికి ఒప్పుకుంటారు. శిక్షణ ముగిశాక నడక వేగాన్నీ, ఇంటి పరిస్థితినీ, రోజూ తిరిగే దారులనూ చూసి ఒక మనిషితో జత కుదురుస్తారు, ఇద్దరికీ కలిపి మళ్లీ కొన్ని వారాలు నేర్పుతారు, ఆ కుక్క పని మానే వయసు వచ్చేదాకా సహాయం అందిస్తూనే ఉంటారు.

ఈ ఏర్పాటు ఒక్కనాడు వచ్చింది కాదు. యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మొదటి శిక్షణ పాఠశాల వెలిసింది. 1929లో అమెరికాలో మరొకటి మొదలైంది. 1931లో ఇంగ్లండులోని వాలసీ పట్టణంలో మొదటి నాలుగు కుక్కలు శిక్షణ ముగించుకుని తమ యజమానులతో నడిచాయి. కాని పిల్లలను వాలంటీర్ల ఇళ్లలో పెంచించే పద్ధతి అక్కడ 1956లో గాని రాలేదు. అంటే శిక్షకులూ, నేర్పే చోటూ, కుక్కలను అందుకునే మనుషులూ ఏర్పడిన పాతికేళ్లకు పెంపకపు ఇళ్లు వచ్చాయన్నమాట. మీరు ఈ వరుసను తలకిందులు చేసి, చివర వచ్చినదానితో మొదలుపెట్టాలనుకుంటున్నారు.

ఇంత చూసి ఎంచుకున్నా, పెంచిన ప్రతి పిల్లా గైడ్ డాగ్ కాదు. ఒకటి లారీ చప్పుడుకు వణుకుతుంది, ఒకటి దారిలో పడివున్న ఎంగిలాకును వదలలేదు, మరొకదానికి కీళ్లలోనో చర్మంలోనో లోపం బయటపడుతుంది. అలాంటివాటిని శిక్షణ నుంచి తప్పించి మంచి ఇళ్లకు ఇస్తారు. చాలా సంస్థలు ముందుగా పెంచినవారినే అడుగుతాయి. తల్లిదండ్రుల ఆరోగ్యం ఏమిటో తెలియకుండా అమ్మకానికి పెట్టిన ఈత నుంచి ముద్దుగా ఉందని తెచ్చుకున్న పిల్ల, ఈ పరీక్షలన్నిటికీ నిలుస్తుందని ఆశించడం లాటరీ టికెట్టు కొనడమే.

మీరు ఆరు నెలలు చేసినదేమిటో మీకు తెలుసు గాని, మిగతా పాఠకుల కోసం కొంత చెప్పాలి. పెంచే ఇంట్లో నేర్పేది మర్యాద. బయటికి బయలుదేరేముందు, మాట చెప్పగానే, చూపిన చోట మూత్రవిసర్జన, మలవిసర్జన ముగించడం, విజిల్ వినగానే పరుగెత్తి రావడం, అందుకోసం అన్నం గిన్నె పెట్టే ముందు రోజూ విజిల్ ఊదడం, మనిషికి ఎడమ పక్కన పట్టీ లాగకుండా నడవడం, భోజనాల దగ్గర చేయి చాచకుండా పడుకోవడం, సోఫా ఎక్కకపోవడం, కొద్ది గంటలు ఒంటరిగా అరవకుండా ఉండగలగడం. మామూలు ఇళ్లలో కుక్కతో ఆడే బంతాటను కూడా ఇక్కడ ప్రోత్సహించరు, ఎందుకంటే రోడ్డు పక్క పిల్లలు బంతి విసరగానే అటు దూకే కుక్క, దాని పట్టీ పట్టుకున్న మనిషిని పడేస్తుంది.

దారి చూపే పని వేరు, అది ఇంట్లో నేర్పేది కాదు. పైగా గైడ్ డాగ్‌కు దారి తెలియదు. దారి తెలియవలసింది మనిషికి. ఎన్ని మలుపులు, ఎక్కడ కుడి, ఎక్కడ ఎడమ అన్నది మనిషి మనసులో ఉంచుకుని ఆజ్ఞ ఇస్తే, ఆ దారిలో అడ్డం వచ్చిన స్తంభాన్నీ, గుంతనూ, తల ఎత్తున వేలాడే కొమ్మనూ తప్పించి తీసుకుపోవడం, కాలిబాట అంచున ఆగడం దాని పని. సిగ్నల్ దీపం రంగు చూసి రోడ్డు దాటిస్తుందన్నది సినిమా కథ. వీటన్నిటికంటే కష్టమైన పాఠం మరొకటుంది: యజమాని "ముందుకు" అన్నా, ఎదురుగా బండి వస్తుంటే కదలకుండా నిలబడడం. చెప్పిన మాట వినడం నేర్పడం మీ వంటి ఉపాధ్యాయులకు కొత్త కాదు. ఎప్పుడు వినకూడదో నేర్పడానికి మాత్రం అదే వృత్తిగా ఏళ్ల తరబడి చేసినవారు కావాలి.

ఇక ఆ అబ్బాయి సంగతి. మీ ఉత్తరంలో కుక్క జాతి ఉంది, మీ స్థలం ఉంది, మీవారి అనుమానం ఉంది, ఆ అబ్బాయి ఏమన్నాడో మాత్రం లేదు. అతనికి కుక్కలంటే భయమో ఇష్టమో కూడా మనకు తెలియదు. తెల్లకర్రతో ఒంటరిగా, ధైర్యంగా తిరగడం వచ్చినవారికే గైడ్ డాగ్ ఉపయోగపడుతుంది. శిక్షణ సంస్థలు కుక్కను ఇచ్చేముందు చూసేది కూడా ఆ నైపుణ్యమే. అమెరికాలోని చాలా పాఠశాలలు పదహారేళ్లు నిండనివారి దరఖాస్తులను తీసుకోవు, ఎందుకంటే కుక్కకు తిండి పెట్టడం, ఒళ్లు దువ్వడం, అది చేసిన మురికిని ఎత్తడం, జబ్బు చేస్తే గుర్తించడం అన్నీ చూపు లేని ఆ మనిషే స్వయంగా చేసుకోవాలి. కనుక ఇప్పుడు అతనికి అవసరమైనది కర్రతో నడక నేర్పే శిక్షకుడు, తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఫోను. మీరిద్దరూ ఉపాధ్యాయులు గనుక పాఠాలను చదివి రికార్డు చేసి ఇవ్వవచ్చు. అయితే పదో తరగతి పరీక్షలో అతనికి రాసిపెట్టేందుకు మీరే కూర్చోవాలనుకోకండి, అభ్యర్థి తన వెంట తెచ్చుకునే స్క్రైబు అతనికంటే ఒక మెట్టు తక్కువ చదివినవారై ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి.

వీధి సంగతి కూడా ఆలోచించండి. గైడ్ డాగ్ శిక్షణ అంతా కాలిబాట ఉన్న ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. రామగిరి నుంచి క్లాక్ టవర్ చౌరస్తా దాకా సాయంత్రం పూట మీరే ఒకసారి నడిచి, ఆగివున్న బండ్లనూ, తోపుడుబండ్లనూ, వీధికుక్కల గుంపులనూ లెక్కపెట్టి చూడండి. పట్టీకి కట్టిన కొత్త కుక్క కనబడగానే ఆ వాడ కుక్కలన్నీ ఒక్కసారి మీదికి వస్తాయి. అప్పుడు ఎంత నేర్పిన కుక్క అయినా మనిషిని మరచి తన ప్రాణం చూసుకుంటుంది. ఇంగ్లండులో 2010 నాటి సమానత్వ చట్టం వల్ల హోటల్ వారు గాని టాక్సీ వారు గాని గైడ్ డాగ్ ఉన్నదన్న కారణంతో మనిషిని కాదనడానికి వీల్లేదు. శిక్షణలో ఉన్న పిల్లకు అక్కడ కూడా ఆ హక్కు లేదు, దాన్ని దుకాణదారులు మర్యాద కొద్దీ రానిస్తారు. మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచిందే గాని, కుక్కపిల్లతో బస్సెక్కిన మీకు కండక్టరు సీటు చూపించే రోజు ఇంకా రాలేదు. రైల్లో అయితే పెంపుడు కుక్క ఫస్ట్ ఏసీలో మొత్తం కూపేనో క్యాబినో దొరికినప్పుడే మీతో ఉంటుంది, లేకపోతే బ్రేక్ వ్యానులోని పెట్టెలో ఎక్కవలసిందే. బస్సు, రైలు, ఆసుపత్రి, బజారు చూపించకుండా ఇంటి ఆవరణలోనే పెంచిన పిల్ల, మీరెంత శ్రద్ధ పెట్టినా, పనికి తయారు కాదు.

మీవారు అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవే. ఎండ గురించి ఆయన సగం నిజమే చెప్పారు. లాబ్రడార్ పూర్వికులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ చలిలో జాలరుల వెంట నీళ్లలో దిగిన కుక్కలు; వాటికి పైన గరుకు వెంట్రుకలు, లోపల దట్టమైన మెత్తటి బొచ్చు రెండూ ఉంటాయి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ముఖ్యంగా రొప్పడం ద్వారానే అది ఒంటి వేడిని బయటికి పంపుతుంది. మన ఊళ్లలో లాబ్రడార్లు బతకడం లేదా అంటే బతుకుతున్నాయి, కాని నీడలో, కూలర్ ముందు, తెల్లవారుజామున నడిచి బతుకుతున్నాయి. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో పని చేయమనడం వేరు. అరచేతి వెనుక భాగాన్ని తారు రోడ్డు మీద కొన్ని సెకన్లు ఆనించి ఉంచలేకపోతే, ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. విపరీతంగా రొప్పుతూ, చొంగ చిక్కబడి, నడక తూలితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను పెట్టి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. మనం వేసుకునే జ్వరం మాత్ర మాత్రం వేయకూడదు. ఇవి చాలక మన దగ్గర గోమార్లు, వాటి వల్ల వచ్చే జ్వరం ఏడాది పొడుగునా ఉంటాయి, ఎదిగే లాబ్రడార్ తుంటి కీళ్లకు మన ఇళ్లలోని నున్నటి షాబాద్ బండల నేల మంచిది కాదు.

తిండి విషయంలో ఒక సంగతి మీకు ఆసక్తిగా ఉండవచ్చు. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లాబ్రడార్లలో ఆకలిని పెంచే ఒక జన్యులోపాన్ని గుర్తించారు. మామూలు లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఉన్న ఈ లోపం, వారు పరీక్షించిన సహాయక శునకాల సంతతిలో నాలుగింట మూడింటికి ఉంది. తిండి మీద ఆశ ఉన్న కుక్కకు చిన్న ముక్క చూపి నేర్పడం తేలిక గనుక, శిక్షణకు ఎంచుకునేటప్పుడు తెలియకుండానే ఇలాంటివాటి వైపు మొగ్గి ఉండవచ్చునని వారి ఊహ. మీ అమ్మాయి గిన్నెలో గ్రాములు తూచి పోయడం చూసి మీకు పిసినారితనంలా అనిపించి ఉంటుంది, కారణం ఇదే. పాపం చూస్తున్నదని పెరుగన్నం కలిపి పెట్టే అమ్మమ్మలు ఉన్న ఇంట్లో లాబ్రడార్ రెండేళ్లకే పీపాలా తయారవుతుంది.

వదలగలరా అన్న రెండో ప్రశ్నకు మీ ఉత్తరంలోనే జవాబు లేదు. మీరు ఆరు నెలలకు విమానమెక్కి వచ్చారు, పిల్ల మీ అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని వ్యానెక్కించి తలుపు వేసే పని మీ చేతుల మీదుగా జరగలేదు. ఏటా పదో తరగతి పిల్లలను పంపించి, జూన్‌లో మళ్లీ కొత్తవారికి ఓనమాల నుంచి మొదలుపెట్టిన మీకు ఆ పని రాదని నేననను. కాని బడి పిల్లవాడు సాయంత్రం తన ఇంటికి పోతాడు, ఈ పిల్ల మీ మంచం పక్కనే పడుకుంటుంది. మొదటి పిల్లను పంపాక ఏడ్చి, నెల తిరగకుండా రెండోదాన్ని తెచ్చుకునేవారు అక్కడ చాలామంది ఉన్నారు. ఇక మావల్ల కాదని విరమించుకునేవారూ ఉన్నారు. ఇందులో తప్పొప్పులు లేవు, మీరు ఏ కోవకు చెందుతారో చిన్న పనిలో తేల్చుకోవడం మంచిది.

ఆ చిన్న పని మీ ఊళ్లోనే ఉంది. వానాకాలం వెళ్లి చలికాలం మొదలయ్యే రోజుల్లో వీధికుక్కల ఈతలు ఎక్కువగా ఉంటాయి, బండి కింద పడి తల్లి చనిపోయిన పిల్లలు ఏదో ఒక వాడలో కనబడుతూనే ఉంటాయి. వాటిని కొన్ని వారాలు మీ ఇంట్లో పెంచి, మంచి ఇల్లు చూసి ఇవ్వడం గైడ్ డాగ్ పెంపకానికి అతి దగ్గరగా ఉన్న పని: అదే నిద్రలేమి, అదే క్రమశిక్షణ, చివర అదే వీడ్కోలు. ఎండలు ముదిరేలోపల ముగుస్తుంది కూడా.

కళ్లు తెరవనివాటిని మొదటిసారి తీసుకోకండి; వాటికి రాత్రింబవళ్లు రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, ఆవుపాలు చాలావాటికి విరేచనాలు తెస్తాయి. నాలుగు వారాలు దాటి, మెత్తటి తిండి నాకగలిగినవి మేలు. నులిపురుగుల మందు పన్నెండు వారాల వయసు వచ్చేదాకా రెండు వారాలకోసారి, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అనే అంటుజబ్బులకు టీకా, తరువాత మూడు నాలుగు వారాల ఎడంతో మళ్లీ, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. మీ ఆవరణలో ఈ మధ్య ఏ కుక్కైనా పార్వోతో చనిపోయి ఉంటే అక్కడ పిల్లలను ఉంచవద్దు, ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పంటి గాటు పడితే ఎంత చిన్నదైనా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. పిల్ల కుక్కే కదా అనుకోకండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వాటికి విషం. మన కూరల్లో ఉల్లి లేనిది లేదు గనుక కూరన్నం మాటే వద్దు.

మీరు అమ్మాయి ఇంట్లో నేర్చుకున్నది ఇక్కడే పనికొస్తుంది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా ఉన్న కాలంలో మెల్లగా పరిచయమైనవి తరువాత చాలావరకు భయపెట్టవు. టీకాలు పూర్తికాకముందు నేల మీద వదలకుండా చంకన ఎత్తుకుని తిప్పండి: కుక్కర్ విజిల్, మిక్సీ, గొడుగు విప్పడం, గడ్డం ఉన్న మనిషి, బురఖా వేసుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, దూరం నుంచి డప్పుల మోత, బస్టాండులో హారన్లు. ఒక్కరోజే అన్నీ కాదు, బెదిరితే ఆ రోజుకు ఆపి ఇంటికి రావాలి. దీపావళి టపాసులు మాత్రం పరిచయం చేయవలసినవి కావు. ఆ రాత్రి లోపలి గదిలో టీవీ పెట్టి పక్కన కూర్చోండి. ఇవ్వబోయే ఇంటికి మీరే ఒకసారి వెళ్లి, ఇంట్లోని పెద్దవారు కూడా ఒప్పుకున్నారో లేదో చూసి, ఆరు నెలలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించే మాట తీసుకోండి. ఆ ఇంటి పిల్లవాడు ఒక్కడే అడుగుతుంటే ఇవ్వకండి.

ఎప్పుడైనా ఏదైనా సంస్థ సహాయక శునకాల కోసం పెంపకపు ఇళ్లు కావాలని మిమ్మల్ని అడిగితే అప్పుడు సంతోషంగా ఆలోచించండి, కాని సంతకం పెట్టేముందు అడగవలసినవి ఉన్నాయి. పిల్ల ఎక్కడి సంతతి, తిండికీ వైద్యానికీ ఎవరు పెడతారు, పెంపకం చూడడానికి ఎవరు ఎంత తరచుగా వస్తారు, నాకు జబ్బు చేస్తే ఎవరు తీసుకెళతారు, శిక్షణలో నిలవకపోతే ఎటు పోతుంది, ఇదివరకు ఎవరికి కుక్కలనిచ్చారు, వారితో నేను మాట్లాడవచ్చా. 1989లో ఏర్పడిన అంతర్జాతీయ గైడ్ డాగ్ సమాఖ్యలో సభ్యత్వం ఉందా, లేకపోతే ఎందుకు లేదు అని కూడా అడగండి. డబ్బు కట్టించుకుని ఇంటి కుక్కకు సర్టిఫికెట్టూ కోటూ ఇస్తామనేవారు కనబడితే దూరంగా ఉండండి. కోటు తొడిగినంత మాత్రాన కుక్కకు పని రాదు, దాన్ని నమ్మి రోడ్డు దాటే మనిషికి ప్రమాదం వస్తుంది.

ప్రస్తుతానికి, మీవారితో మాట్లాడి తెల్లవారుజామున ఎవరు లేస్తారో, పూజగది, వంటగది తలుపులకు అడ్డం ఏం పెడతారో తేల్చుకున్నాక, మీకు దగ్గరి పశువైద్యశాలకు వెళ్లి మీ పేరు, ఫోను నంబరు రాయించి రండి. తల్లి లేని పిల్లలు వస్తే కబురు చేయమని చెప్పండి. మొదటి విడతలో రెండింటికి మించి తెచ్చుకోకండి, ఒక్కదాన్నే తెచ్చుకున్నా తక్కువేమీ కాదు.